దూది చెంప

ఆషాఢం పడినంక మా ఇంట్లో ముగ్గురికి పని లేదు:
మా ఆయన లాలప్పకు,
బ్యాండు మేళం కోట్లు కుట్టే నాకు,
పెండ్లికొడుకులను మోసే మా తెల్ల గుర్రానికి.
దాని పేరు దూది. మా అత్త పెట్టింది.
దూది ఏకి బతికినోళ్లం,
తెల్లగా ఏది కనపడినా మాకు అదే పేరు.

మొదలు ఉసిరికాయంత.
ఎడమ చెంప మీద, కళ్లెం పట్టీకి రెండు వేళ్లు కింద.
వారానికి నిమ్మకాయ.
మేత నములుతా నములుతా ఆగి
నోట్లో గడ్డి అట్లే పెట్టుకొని
నా వైపు చూసేది, ఏదో అడగడం మర్చిపోయినట్ల.

ఆదోని పశువుల ఆసుపత్రిలో డాక్టరు లేడు,
గొర్రెల టీకాలకు పోయుండె.
కంపౌండరు గిడ్డయ్య మెట్ల మీదనే చెప్పె:
"కాపడం పెట్టు. పండనీ. కత్తి మాత్రం నువ్వు పట్టొద్దు."

దొడ్డి వెనక సర్కారు తుమ్మ కంప కొట్టి
పొయ్యిలో ఎగదోసి
ఉప్పునీళ్లు కాస్తి.
పాత చీర పేలిక ముంచి, పిండి,
ముందు నా చెంపకు ఆనించుకొని
తర్వాత దాని చెంపకు.
పొద్దున ఇరవై నిమిషాలు, మాపున ఇరవై.
గడియారమెందుకు,
లాలప్ప మూడు బీడీలు కాలిస్తే ఇరవై.

మామిడికాయైనా అంత ఆవిరికి పండేది.
ఇది రాయి. మా ఊరి కొండల రాయి.

బ్యాండు మాస్టరు ఎవరి దిష్టో అనె.
గానుగ వీధి పెద్దాయన చురకేయమనె.
లాలప్ప ఆ మాట విని కొడవలి ఎర్రగా కాల్చుకొని వచ్చె.
గుర్రానికి అడ్డం నిలబడితి.
"ముందర నాకు పెట్టు" అంటి.
కొడవలి తొట్లో సుయ్యిమనె.
ఆ రాత్రి ఇద్దరం మాట్లాడుకోలే.

పన్నెండో దినం తనంతట తానే పగిలె.
ఆ వాసన చెప్పను.
అయినా పెండ్లి కుదిరినంత సంబరం,
వంకాయ రంగు పొటాసు నీళ్లు
సూది లేని సిరంజితో చిమ్ముతా చిమ్ముతా
నేను ఏడుస్తాంటినో నవ్వుతాంటినో.

నాలుగు దినాలకు నోరు మూసుకునె.
మళ్లా ఉసిరికాయ. మళ్లా నిమ్మకాయ.
మళ్లా పేలిక, మళ్లా బీడీలు.
మూడుసార్లు అట్ల.
శ్రావణం తొలి లగ్గాలు నాలుగూ
ఆలూరు గుర్రానికి పోయె.

ఈసారి గిడ్డయ్యే ఇంటికి వచ్చె.
వేలితో చుట్టూ తడిమి
"పైన మూసుకుంటే మోసం" అనె.
"లోపల్నుంచి మానాల.
వాకిలి తెరిచి పెట్టమ్మా, లోపల ఎవరో ఉండారు."

మా అత్తను అడిగితి.
ఏకుడు విల్లు అటకెక్కి ఇరవై ఏండ్లాయె.
అయినా ఆమె వేళ్లు మర్చిపోలే,
గింజ తీసి, విడదీసి, పేని
మొలకంత సన్నటి వత్తి చేసిచ్చె.
అయోడిన్‌లో ముంచి బెజ్జంలో దూర్చి
దినానికొకటి మారుస్తి.
దూది తల నా భుజాన పెట్టి మోపేది,
అంత బరువూ. నా భుజం ఇప్పటికీ గుంజుతాది.

నాలుగో వత్తి లాగితే
వత్తి వెంబడి నల్లగా ఒకటి.
గోరంత పొడుగు.
అరచేతిలో కడిగి చూస్తి.

తుమ్మ ముల్లు.

దొడ్డికి ఆ కంప కట్టింది నేను.
దాని పక్కన గుర్రాన్ని కట్టేసింది నేను.
నెల దినాలు ఆ కంపతోనే పొయ్యి రాజేసి
ఆ ముల్లుకే కాపడం పెడ్తి.

లాలప్పకు చూపిస్తే ఏమీ అనలే.
కొడవలి సంగతి నేనూ ఎత్తలే.
దూది నా కొంగు నమిలె.

శ్రావణం ఆఖరు లగ్గానికి తయారు చేస్తిమి.
చెంపలో బొటనవేలు పట్టేంత గుంట మిగిలె.
జరీ కుచ్చులు దాని మీదికి వేలాడదీస్తే
నడిచేటప్పుడు పక్కకు జరుగుతాండె.
పెండ్లికొడుకు తల్లి కనిపెట్టె:
"గుర్రానికి ఆ సొట్టేంది?"

"నవ్వితే పడుతుందమ్మా" అంటి.

ఆమె నవ్వె, నిజమే.
మూడు వందలు తగ్గించే ఇచ్చె.

కంప ఇంకా పీకలే.
పీకాల.